పంటు మీద ఇంగ్లీషు: నాలుగేళ్లు అంకీ వాడాక

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నర్సాపురంలో దిగేలోపు రోజూ ఫోన్లో అంకీ తెరుస్తాను. నేర్చుకున్నవి మరిచిపోకుండా కార్డుల రూపంలో మళ్లీ మళ్లీ అడిగే యాప్ అది. నాలుగేళ్లుగా ఇదే అలవాటు. అవతలి గట్టున పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతాను, పోటీ పరీక్షలకి నేనూ చదువుకుంటున్నాను.

అంతకు ముందు ఒక కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన 3,000 పదాల లిస్టు బట్టీ పట్టాను. నెల తిరిగేసరికి సగం పోయాయి. మిగిలిన సగంతోనూ పేపర్లో ఎడిటోరియల్ అర్థమయ్యేది కాదు. ఫలానా నాయకుడు ‘రూబికాన్ దాటాడు’ అని రాస్తారు. డిక్షనరీలో చూస్తే ఇటలీలో ఒక నది అని ఉంటుంది. గోదావరి మేం రోజూ దాటుతాం, నది దాటడం అంత పెద్ద మాట ఎందుకైందో తెలిసేది కాదు. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ తన సైన్యంతో దాన్ని దాటాడనీ, సైన్యంతో అలా దాటి ఇటలీలో అడుగుపెట్టడం రోమన్ చట్టం ప్రకారం నేరమనీ, దాంతో అంతర్యుద్ధం మొదలైందనీ, అందుకే వెనక్కి తీసుకోలేని అడుగుని అలా అంటారనీ తెలిశాక ఆ మాట మళ్లీ మరిచిపోలేదు.

అప్పటినుంచి కార్డులు నేనే రాసుకుంటున్నాను. ముందువైపు పేపర్లో కనబడిన వాక్యం. వెనక మూడు లైన్లు: అర్థం, దాని వెనకున్న కథ, మన దగ్గర దానికి దగ్గరగా ఉన్న మాట. ఉదాహరణకి ‘పిరిక్ విక్టరీ’ కార్డు. అర్థం: గెలిచినా ఓడినంత నష్టం. కథ: ఎపిరస్ అనే గ్రీకు రాజ్యాన్నేలిన పిరస్ క్రీ.పూ. 279లో ఆస్క్యులమ్ దగ్గర రోమన్ల మీద గెలిచాడు, కానీ తన సైన్యంలో మంచి మంచి వాళ్లని పోగొట్టుకున్నాడు. మూడో లైను: కురుక్షేత్రం అయ్యాక ధర్మరాజు.

మొదట్లో ఎవరో తయారుచేసి పెట్టిన డెక్, అంటే కార్డుల కట్ట, దించుకున్నాను. అందులో పిరస్ ఓడిపోయాడని ఉంది. ఏడాదిపాటు అదే నిజమనుకుని పిల్లలకీ చెప్పాను. అది నన్ను చాలా బాధపెట్టింది. రెడీమేడ్ కార్డులు తీసుకుంటే ప్రతి కథనీ ఇంకోచోట సరిచూసుకోండి.

మూడో లైనులోనూ జాగ్రత్త కావాలి. రూబికాన్‌కి మొదట లక్ష్మణరేఖ అని రాశాను. కానీ లక్ష్మణరేఖ కాపాడ్డానికి గీసింది, రూబికాన్ దగ్గర దాటినవాడి తెగింపే అసలు విషయం. దాన్ని కొట్టేసి ‘వదిలిన బాణం’ అని రాసుకున్నాను. ఆ తేడా ఆలోచించడంలోనే రెండు మాటలూ బాగా పట్టుబడ్డాయి.

నాకిష్టమైన కార్డు ‘లకానిక్’. గ్రీకు నగరం స్పార్టా ఉన్న సీమ పేరు లకోనియా, అక్కడివాళ్లు క్లుప్తంగా మాట్లాడతారని పేరు. మాసిడోనియా రాజు ఫిలిప్ ‘నేను మీ దేశంలోకి వస్తే నాశనం చేస్తాను’ అని కబురు పంపితే వాళ్లు ఒక్క మాట జవాబిచ్చారట. ఇంగ్లీషు పుస్తకాల్లో అది ‘ఇఫ్’ అని ఉంటుంది. తెలుగులో అయితే ‘వస్తే!’ అంటే చాలు. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తారు.

ఓసారి మా తాతయ్యకి ఆజియన్ స్టేబుల్స్ కథ చెప్పాను. ముప్ఫై ఏళ్లు ఎవరూ ఎత్తని పశువుల పేడని గ్రీకు వీరుడు హెరాక్లీస్ (ఇంగ్లీషులో హెర్క్యులిస్) రెండు నదులు మళ్లించి ఒక్కరోజులో కడిగేశాడని. తాతయ్య విని, “నది మళ్లించడం మనకి కొత్తేంట్రా, కాటన్ దొర చేసిందదే కదా” అన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, ఆ నీళ్లతోనే మా కాలువలు పారుతున్నాయి, అందుకే ఇక్కడ ఆయన్ని అపర భగీరథుడంటారు. ఆ రాత్రే ఆ వీరుడి పేరుమీద వచ్చిన, మహా కష్టమైన పనికి వాడే ‘హెర్క్యులియన్’ కార్డు మూడో లైనులో భగీరథ ప్రయత్నం అని ఎక్కించాను.

ఇక యాప్ సంగతి. మనం ఎంత తేలిగ్గా గుర్తు తెచ్చుకున్నామో నొక్కితే, దాన్నిబట్టి ఆ కార్డు మళ్లీ రేపు రావాలో నెల తర్వాత రావాలో అదే లెక్కేసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌కి డబ్బులు కట్టాలి. రోజుకి 20 కొత్త కార్డులని సెట్ చేసి ఉంటుంది. కథలతో నేర్చుకునేటప్పుడు అది ఎక్కువ, నేను ఐదుకి తగ్గించాను. వరదొచ్చి పంటు ఆగిపోయిన రోజుల్లో నేనూ ఫోన్ తెరవలేదు. తిరిగి చూస్తే వందల కార్డులు పేరుకుపోయి ఉన్నాయి. ఆ టెన్షన్‌కి మానేద్దామనిపించింది. కొత్తవి ఆపేసి, పాతవి రోజుకి కొన్ని చొప్పున తీర్చుకున్నాను.

ఒక్క కార్డు మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు. ‘ప్రొక్రస్టీన్’, అంటే అందర్నీ ఒకే కొలతలో బలవంతంగా ఇరికించడం. దారిన పోయేవాళ్లని పిలిచి తన మంచం మీద పడుకోబెట్టి, పొట్టివాళ్లని సాగదీసి, పొడుగువాళ్ల కాళ్లు నరికి మంచానికి సరిపెట్టిన దొంగ కథ. మన పురాణాల్లో దానికి సరైన జోడీ నాకింకా దొరకలేదు. మూడో లైను ఖాళీగానే ఉంది. మీకు తెలిస్తే చెప్పండి.