పియోరియా కంచె పక్కన మూడు రోజులు

గత అక్టోబరు 20 రాత్రి టొరంటోలో జరిగిన బేస్‌బాల్ ఆటలో ఆ ఊరి జట్టు ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటాక టీవీ కట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పటికి మా సియాటిల్ మారినర్స్ 3-1తో ముందున్నారు. ఇంకో ఎనిమిది మందిని అవుట్ చేస్తే ఏటా విజేతను తేల్చే ఆఖరి పోరు వరల్డ్ సిరీస్‌కు చేరేవాళ్లు. ఆ ఒక్క దెబ్బతో టొరంటోకు 4-3 ఆధిక్యం వచ్చింది, ఆట అక్కడే పోయింది. 1977లో మొదలైన ఈ జట్టు ఇప్పటిదాకా ఆ గడప తొక్కలేదు. 30 జట్లలో అలాంటిది ఇదొక్కటే.

అందుకే ఫిబ్రవరి చివరి వారంలో అరిజోనా వెళ్లి స్ప్రింగ్ ట్రైనింగ్, అంటే సీజన్‌కు ముందు జట్లు చేసే సాధన, చూడాలనిపించింది. గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న నాన్నగారు టికెట్లు చూసి, "ఏరా, నెట్ ప్రాక్టీసు చూడడానికి విమానం ఎక్కుతామా?" అన్నారు. ఎక్కాం. సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కు మూడు గంటలు.

పదిహేను జట్లు ఫీనిక్స్ చుట్టుపక్కల పది మైదానాల్లో సాధన చేస్తాయి. మిగతా సగం ఫ్లోరిడాకు పోతాయి. మా జట్టు చోటు నగరానికి వాయవ్యంగా ఉన్న పియోరియా. 1994 నుంచి శాన్ డియేగో పాడ్రెస్‌తో కలిసి ఇక్కడే ఉంటున్నారు. కారు లేకుండా మాత్రం వెళ్లకండి. నగరంలో తిరిగే రైలు ఈ దిక్కుకు రాదు.

ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చుకు న్యాయం చేసింది ఆటలు కాదు, ఉదయపు సాధన. వెనుక మైదానాల దగ్గర కంచెకు ఆనుకుని నిలబడితే పిచ్చర్లు పది అడుగుల దూరంలో బంతి విసురుతూ కనిపించారు. విసిరిన బంతిని గొంతుక్కూర్చుని పట్టే క్యాచర్ చేతి తొడుగులో బంతి పడిన చప్పుడు రోట్లో రోకలి పోటులా ఉంది. టీవీలో ఆ చప్పుడు వినిపించనే వినిపించదు. నాన్నగారు ఎంతోసేపు మాట్లాడకుండా చూసి, "బంతి నేలకు తగలకుండానే ఇంత వంకర ఎలా తిరుగుతుందిరా?" అని అడిగారు. ఆ తర్వాత ఆయన్ని కంచె దగ్గర నుంచి కదపడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం జట్ల మధ్య జరిగే సన్నాహక ఆటలు వేరే సంగతి. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ప్రధాన ఆటగాళ్లు నాలుగైదు ఆడి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత ఎనభై, తొంభై నంబర్ల చొక్కాలతో పేరు తెలియని కుర్రాళ్లు వస్తారు. గెలుపోటములు లెక్కలోకి రావు, సమంగా ముగిసినా ఎవరూ పట్టించుకోరు. అలాంటప్పుడు ఖరీదైన సీటు ఎందుకు? అవుట్‌ఫీల్డ్ వెనుక పచ్చిక వాలు మీద దుప్పటి పరుచుకుని కూర్చోవడం చవక, హాయి కూడా. నీడ మాత్రం ఉండదు. వయసైన వాళ్లు వెంట ఉంటే ప్లేటు (బ్యాటర్ నిలబడే చోటు) వెనుక కప్పు కింది వరుసలు చూసుకోండి. రెండో రోజు మేం అదే చేశాం.

బసలో మోసపోయాను. మైదానానికి నడిచి వెళ్లవచ్చని, గదిలో వంట చేసుకోవచ్చని ఒక హోటలుకు మామూలు కంటే రెట్టింపు ఇచ్చాను. పొయ్యి వెలగలేదు. రెండుసార్లు చెప్పినా మనిషి రాలేదు. నాన్నగారికి ఆ రెండు రాత్రులూ పెరుగూ అరటిపండే భోజనం. చివరి రాత్రికి నాలుగు మైళ్ల అవతల సగం ధరకు దిగిన గది దీనికంటే శుభ్రంగా ఉంది. బెల్ రోడ్డు మీద సాయంత్రం రద్దీ చిరాకు పెడుతుంది కానీ, ఆ డబ్బుకు ఆ చిరాకు భరించవచ్చు.

ఒక పూట లూప్ 101 రహదారి మీదుగా సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌కు వెళ్లాం. 2011లో స్థానిక ఆదివాసీ తెగల భూమి మీద కట్టిన మైదానం అది. డైమండ్‌బ్యాక్స్, రాకీస్ జట్లకు నెలవు. విశాలమైన దారులు, చుట్టూ కొండలు. సౌకర్యంలో పియోరియాను మించింది. స్కాట్స్‌డేల్‌లో జెయింట్స్ జట్టు మైదానాన్ని బయటి నుంచే చూశాం. పాత ఊరి వీధుల్లోంచి నడిచి వెళ్లేంత దగ్గర, కాబట్టి ఆట అయ్యాక తిరగాలనుకునే కుర్రకారుకు అదే బాగుంటుంది.

ఇక నా దిగులు సంగతి. పోయిన ఏడాది 60 హోమ్‌రన్లు (గోడ దాటించే దెబ్బలు) కొట్టిన మా కాల్ రాలీ క్యాచర్. ఏ క్యాచరూ అన్ని కొట్టలేదు. రోజూ గొంతుక్కూర్చునే మనిషి మోకాళ్లు ఇంకో ఏడాది అలాగే సహకరిస్తాయా? డెట్రాయిట్ జట్టు మీద 15 ఇన్నింగ్స్ దాకా సాగిన ఆటను గెలుపు దెబ్బతో ముగించిన పొలాంకో న్యూయార్క్ మెట్స్ జట్టుకు వెళ్లిపోయాడు. మా ఇంకో ఆటగాడు నేలర్‌ను ఐదేళ్లకు ఉంచుకున్నారు, అదొక ధైర్యం. ఇక్కడ కుర్రాళ్లు బంతిని గోడ దాటిస్తుంటే ఉత్సాహం వస్తుంది కానీ, ఎడారి వెచ్చటి గాలిలో బంతి తేలిగ్గా సాగుతుంది. ఏప్రిల్‌లో సియాటిల్ చలిలో అవే బంతులు గోడ ముందే చేతికి చిక్కుతాయి. ఈ లెక్క ఏటా తెలుసు, ఏటా మరిచిపోతాను.

తిరుగు ప్రయాణం రోజు విమానానికి ముందు మారికోపాలోని మహాగణపతి ఆలయానికి వెళ్లాం. పియోరియా నుంచి గంటకు పైనే. అర్చన చీటీ రాయించబోతూ నాన్నగారు నా వైపు తిరిగారు.

"జట్టు పేరు మీద చేయిద్దామంటావు సరే. గోత్రం అడిగితే ఏం చెప్పనురా?"

మనదే చెప్పమన్నాను.