పిత్తనాళంలో స్టెంట్లతో పద్నాలుగు నెలలు

మాది గుంటూరు, బ్రాడీపేట. 2021 జనవరిలో మా తమ్ముడు తన కాలేయంలో కుడి భాగం ఇచ్చి నన్ను బతికించాడు. ఎనిమిదో నెలలో దురద పట్టుకుంది. అరచేతులు, అరికాళ్లు, అదీ రాత్రిళ్లే. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. ఒక క్లినిక్‌లో స్కానింగ్ తీసి, పిత్తనాళాలు (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు తీసుకెళ్లే గొట్టాలు) ఉబ్బలేదు కాబట్టి కాలేయం బాగుందని చెప్పి చర్మానికి పూత మందు రాశారు. మూడు వారాలు అలా పోయాయి. మార్చిన కాలేయంలో నాళం ఇరుకైనా స్కానింగ్‌లో ఉబ్బు కనబడకపోవచ్చట. ఎమ్మార్సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) తీస్తే గానీ అసలు సంగతి బయటపడలేదు: తమ్ముడి నాళాన్ని నా నాళంతో కుట్టిన చోటే సన్నబడింది.

విజయవాడ సూర్యారావుపేటలో ఈఆర్‌సీపీ చేశారు. నోటి గుండా గొట్టం పంపి, ఇరుకులోంచి తీగ దూర్చి, బెలూన్‌తో వెడల్పు చేసి ప్లాస్టిక్ స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్న గొట్టం) అమర్చారు. మొదటిసారి తీగ దాటలేదు; వారం తర్వాత దాటింది. అప్పుడూ దాటకపోతే పక్కటెముకల సందు నుంచి గొట్టం వేసి బయట సంచి తగిలిస్తామన్నారు. లోహపు స్టెంట్ అయితే మాటిమాటికీ మార్చే పని తక్కువ కదా అని అడిగాను. నా ఇరుకు కొమ్మలు చీలే చోటికి దగ్గరగా ఉందని, అది పక్క కొమ్మను మూసేయవచ్చని వివరించారు. ఆ నిర్ణయం సరైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ప్లాస్టిక్ స్టెంట్‌లో నాకు కనబడిన పెద్ద లోపం పూడుకుపోవడం. మూడు నెలలకోసారి మార్చాలి. నా మొదటి మార్పు 2022 జనవరి మొదటి వారంలో జరగాలి. సంక్రాంతికి పిల్లలు వస్తున్నారు, పండుగ వెళ్లాక చూద్దామన్నాను. కనుమ రాత్రి వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. తెల్లవారకముందే కారులో వారధి దాటించారు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మాకు నాళంలో చీము పడితే గంటలు కూడా విలువైనవే. తొమ్మిది రోజులు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

తీసిన స్టెంట్‌ను డాక్టరుగారు స్టీలు ట్రేలో చూపించారు. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం, పెన్ను రీఫిల్‌లా ఉంది. రంధ్రం నిండా ముదురు గోధుమరంగు మడ్డి. దాన్ని చూశాక ఒక్క తేదీ కూడా దాటనివ్వలేదు. క్యాలెండర్‌లో ఆ రోజులకు మా ఆవిడ కుంకుమ బొట్టు పెట్టేది.

తర్వాతి మార్పుల్లో ఒకటి కాస్తా రెండు, రెండు కాస్తా మూడు స్టెంట్లు పక్కపక్కనే అమర్చారు. నాళం అలా మెల్లగా సాగింది. ప్రతిసారీ ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి. క్లోమం వాచి కడుపు నొప్పి వీపులోకి పాకుతుందేమోనని కనిపెట్టి చూస్తారు. నాకు ఒకసారే వచ్చింది, రెండు రోజుల్లో తగ్గింది.

2022 డిసెంబరులో అన్నీ తీసేశారు. మళ్లీ ఇరుకు రాలేదు. మొన్నటి పరీక్షలో బిలిరుబిన్ (కామెర్లు ఉంటే రక్తంలో పెరిగేది) 0.9, అంటే మామూలే. అయినా రాత్రిపూట నేను అరికాలు గోక్కుంటే చాలు, మా ఆవిడ లేచి లైటు వేసి, "ఏమండీ, ఇటు తిరగండి" అని నా కళ్లు చూస్తుంది.