పేలిన తార వాయువును చూడటానికి ఏది మేలు: మామూలు వెలుగా, పరారుణమా?

నోవా (ఉన్నట్టుండి భగ్గుమని వెలిగే తార) పాఠం చెప్పిన ప్రతిసారీ హన్మకొండలోని మా డిగ్రీ విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటే: కంటికి కనిపించే వెలుగు ఉండగా, కంటికి కనబడక వేడిగా తగిలే పరారుణం ఎందుకు?

మొదటి రోజుల వరకు వాళ్ళ మాటే సరి. తోడు తార నుంచి లాక్కున్న హైడ్రోజన్ శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయాక మిగిలిన చిన్న, దట్టమైన తార) ఉపరితలంపై భగ్గుమన్నప్పుడు ఎగజిమ్మే వాయువు సెకనుకు వందల నుంచి వేల కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తుంది. ఆ వేగం దృశ్య కాంతి వర్ణపటంలోని హైడ్రోజన్ రేఖల వెడల్పును బట్టే తెలిసిపోతుంది. నోవాను మొదట గుర్తించేది కూడా చాలాసార్లు ఔత్సాహికులే. ఖర్చులో పరారుణం దీనికి సాటి రాదు, ఎందుకంటే డిటెక్టర్‌ను బాగా చల్లబరచకపోతే పరికరం వేడే కొలతలో కలిసిపోతుంది.

చిక్కంతా తర్వాత వస్తుంది. 1934 డిసెంబరులో పేలిన డీక్యూ హెర్క్యులిస్ అనే నోవా సుమారు నూరు రోజులకు ఉన్నట్టుండి మసకబారింది. కంటి వెలుగునే నమ్ముకున్నవారికి అది ఆరిపోయినట్టే. 1970లో ఎఫ్‌హెచ్ సర్పెంటిస్ నోవాను పరారుణంలో కూడా గమనించినప్పుడు అసలు సంగతి బయటపడింది: దృశ్య కాంతి తగ్గుతున్న వేళ పరారుణం పెరిగింది. విస్తరిస్తూ చల్లబడిన వాయువులో ధూళి రేణువులు ఏర్పడి, లోపలి వెలుగును మింగి, దాన్నే వేడిగా బయటికి పంపుతున్నాయన్నమాట. రాత్రిపూట మా శివారు ఇటుక బట్టీ పక్కన నిలబడినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు: మట్టి మెత్తిన గోడ వెనక ఎర్రదనం కనబడదు, ముఖానికి సెగ మాత్రం తగులుతూనే ఉంటుంది. పరారుణంలో 2.3 మైక్రాన్ల (మీటరులో పది లక్షల వంతు మైక్రాన్) తరంగదైర్ఘ్యం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ జాడ కనిపిస్తే ధూళి రావచ్చని ముందే ఊహించవచ్చు. ఆ ధూళిలో సిలికేట్లు ఉన్నాయా అన్నది 10 మైక్రాన్ల ప్రాంతం చెబుతుంది. ఈ రెండూ మామూలు వెలుగుకు అందేవి కావు.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నేను పరారుణం వైపే మొగ్గుతాను. అయితే అంతరిక్షంలో ఉన్న, 6.5 మీటర్ల అద్దం గల వెబ్ టెలిస్కోపుకు మన గాలిలోని నీటి ఆవిరి అడ్డు లేకపోయినా, రాత్రి తర్వాత రాత్రి ఒకే నోవా వెంట ఉండటానికి దాని సమయం దొరకదు. ఆ పని రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో ఉన్న 1.2 మీటర్ల టెలిస్కోపు వంటిది చక్కగా చేస్తుంది. 2006 ఫిబ్రవరిలో ఆర్‌ఎస్ ఒఫియుకి అనే నోవా పేలినప్పుడు రోజురోజుకూ సన్నబడుతున్న పరారుణ రేఖలను అక్కడ నమోదు చేసి, తోడుగా ఉన్న రెడ్ జెయింట్ తార వాయువును ఢీకొని విస్ఫోట తరంగం నెమ్మదిస్తున్న తీరును చూపారు. అదే తార మళ్ళీ పేలింది మాత్రం 2021 ఆగస్టులో, సరిగ్గా మబ్బులు అడ్డొచ్చే వానాకాలంలో.