బెర్లిన్‌లో ఫోను, ఇంటర్నెట్: ముందు కాలింగ్ బెల్ మీద పేరు

బెర్లిన్‌లో దిగగానే సిమ్ కోసం షోరూమ్‌కి పరుగెత్తకండి. ఆల్డి సూపర్ మార్కెట్‌లో ఆల్డి టాక్, లిడ్ల్‌లో లిడ్ల్ కనెక్ట్ ప్రీపెయిడ్ సిమ్‌లు దొరుకుతాయి. మొదటిది ఓటూ నెట్‌వర్క్ మీద, రెండోది వోడాఫోన్ మీద నడుస్తుంది. ప్యాక్ గడువు నెల కాదు, 28 రోజులు.

2017 జూలై నుంచి గుర్తింపు పత్రం చూపనిదే ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు. ఈ తనిఖీ వీడియో కాల్‌లో చేయించుకోవచ్చు, కానీ పాస్‌పోర్టు మీద వెలుతురు మెరిసి అక్షరాలు కనపడకపోతే తిరస్కరిస్తారు. అప్పుడు పోస్టాఫీసుకు వెళ్లి పోస్ట్‌ఐడెంట్, అంటే అక్కడి సిబ్బంది ఎదుట గుర్తింపు తనిఖీ, చేయించుకోవడం మేలు.

షోరూమ్ కాంట్రాక్టు సాధారణంగా 24 నెలలు. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో తీసుకుంటే 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుంది. షాపులో సంతకం పెడితే ఆ హక్కు లేదు. అందుకే అక్కడ సంతకం వద్దనే మా సలహా.

ఇండియా సిమ్‌కి బయలుదేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఇక్కడ డేటా రోమింగ్ మాత్రం ఆపేసి రెండో స్లాట్‌లో ఉంచండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. రీఛార్జి మరిచిపోతే నంబరే పోతుంది.

అసలు చిక్కంతా ఇంటి ఇంటర్నెట్‌తోనే. బెర్లిన్‌లో చాలా ఫ్లాట్లకు నంబరే ఉండదు, మనిషిని పేరుతోనే వెతుకుతారు. కాలింగ్ బెల్ మీదా పోస్టు డబ్బా మీదా పేరు లేకపోతే లాగిన్ వివరాల ఉత్తరం చేరదు, టెక్నీషియన్ కూడా వెనక్కి పోతాడు. దరఖాస్తులో అంతస్తు, మెట్లెక్కాక ఎడమ వైపా కుడి వైపా, అంతకుముందు అద్దెకున్నవాళ్ల పేరు రాస్తే సరైన లైను త్వరగా దొరుకుతుంది.

డీఎస్ఎల్, అంటే టెలిఫోన్ లైను మీద వచ్చే ఇంటర్నెట్ అయితే టెక్నీషియన్‌కి సెల్లార్‌లోని కనెక్షన్ పెట్టె కూడా అందుబాటులో ఉండాలి. సెల్లార్ తాళం హౌస్‌మైస్టర్ దగ్గర, అంటే భవనం చూసుకునే ఆయన దగ్గర ఉంటుంది. ముందురోజే అడిగి ఉంచండి. చెప్పిన రోజున టెక్నీషియన్ రాకపోతే చట్టప్రకారం 10 యూరోలు గానీ నెల బిల్లులో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది పరిహారంగా అడగొచ్చు. బెల్ మీద పేరు లేక ఆయన తిరిగి వెళ్లిపోతే మాత్రం తప్పు మనదే అవుతుంది. గోడకున్న టీఏఈ సాకెట్‌లో, అంటే టెలిఫోన్ సాకెట్‌లో, రౌటర్ తీగ మధ్య రంధ్రంలో, ఎఫ్ అని ఉన్నచోట పెట్టాలి.

ఇంట్లో కేబుల్ టీవీ సాకెట్ ఉంటే చాలాసార్లు టెక్నీషియన్‌తో పనే ఉండదు, వేగమూ ఎక్కువ. కాకపోతే ఆ లైను చుట్టుపక్కల ఇళ్లన్నీ పంచుకుంటాయి కాబట్టి సాయంత్రాలు నెమ్మదించవచ్చు. రోజంతా వీడియో మీటింగులుండేవాళ్లకు డీఎస్ఎల్ నిలకడగా ఉంటుంది.

2016 ఆగస్టు నుంచి సొంత రౌటర్ పెట్టుకోవచ్చు. ఫ్రిట్జ్‌బాక్స్ అనే రౌటర్ కొనేటప్పుడు డీఎస్ఎల్ మోడలా, కేబుల్ మోడలా చూసి కొనండి. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు.

మొదటి రెండు మూడు నెలలు ఇంటర్నెట్ కలిపి ఇచ్చే ఫర్నిష్డ్ ఫ్లాట్‌లో ఉండటమే నయం, అద్దె కాస్త ఎక్కువైనా సరే. ఇల్లు మారినప్పుడు కొత్త చోట ఆ కంపెనీ సర్వీసు ఇవ్వలేకపోతే, నెల ముందు నోటీసుతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. అప్పుడు కొత్త చిరునామా నమోదు పత్రం అడుగుతారు, కాపీ దాచుకోండి.