ఇన్‌టు ది వుడ్స్: హైస్కూల్ పిల్లలతో ఫుల్ షోనా, జూనియరా?

ఇన్‌టు ది వుడ్స్ అంటే సిండ్రెల్లా లాంటి కథలన్నీ కలిపేసిన పాటల నాటకం, జూనియర్ అంటే పిల్లల కోసం కుదించిన వెర్షన్. అమెరికాలో స్కూలు డ్రామా క్లబ్బులకి ఏటా ఇదే డౌటు.

టైమ్: జూనియర్ గంటలో అయిపోద్ది. ఫుల్ రెండున్నర గంటల పైమాటే.

ఖర్చు: జూనియర్‌కి రికార్డెడ్ ట్రాకులొస్తాయి, ఆర్కెస్ట్రా అక్కర్లేదు.

కథ: జూనియర్‌లో ఫస్టాఫే, అందరి కోరికలూ తీరి శుభం కార్డు. ఫుల్‌లో ఆ తర్వాతే అసలు గొడవ, రొట్టెలు చేసే బేకర్ పెళ్లాం అడవిలో సిండ్రెల్లా రాకుమారుడితో ముద్దులు, ఆనక ఆవిడ చావు, చంటిబిడ్డతో మిగిలిన మొగుడు, ఇదంతా పదహారేళ్ల కుర్రాడు గడ్డం అంటించుకుని పాడాలి మరి.

రిస్క్: ముద్దు సీన్లో హాలంతా ఈలలు. పోనీ కట్ చేద్దామా అంటే పర్మిషన్ లేకుండా ఒక్క మాట మార్చినా నాటకం వేసుకోడానికి తీసుకున్న లైసెన్స్ ఒప్పుకోదు.

మిడిల్ స్కూలైతే జూనియరే. 11, 12 క్లాసులోళ్లు, ఓపికున్న మ్యూజిక్ టీచరు ఉంటే నా ఓటు ఫుల్‌కే, ఈలలేస్తే వెయ్యనీండి.