నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ ఎల్పీ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

ఈ గ్రామఫోన్ రికార్డు కొని మోసపోయాను. ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. నాకు అమ్మిన సెల్లర్ ఎవరో, రికార్డులు కొనే మీలో సగం మందికి తెలుసు. ‘ఒరిజినల్ మాస్టర్ టేపు నుంచి కంపెనీ మళ్లీ వేసిన రీఇష్యూ, 180 గ్రాముల బరువైన డిస్కు, లాస్ట్ పీస్’ అని ఊదరగొట్టే పెద్దమనిషే. వారానికో లాస్ట్ పీస్ ఎక్కణ్నుంచి ఊడిపడుతోందని నాకు తట్టలేదు. అబద్ధమెందుకు, తట్టింది. అయినా ఆశ.

ఆ రికార్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ ఫోక్ గాయకుడు నిక్ డ్రేక్ 1971 అక్టోబరులో, లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో, ఇంజనీర్ జాన్ వుడ్ ఒక్కడే తోడుగా రెండు రాత్రుల్లో ముగించిన ఆల్బమ్. గొంతూ గిటారూ, మొదటి పాటలో కాసేపు పియానో, అంతే. డ్రమ్ములు దంచే రికార్డులో ఎన్ని చిటపటలున్నా కలిసిపోతాయి. ఇక్కడ మాత్రం దుమ్ము కణం కూడా వినిపిస్తుంది. పైగా మొత్తం కలిపి 28 నిమిషాలే, వైపుకి సుమారు 14. నిడివి ఎక్కువై గాడులు ఇరికించాల్సి వచ్చింది, అందుకే చప్పుడన్న సాకూ లేదు.

సూది పెట్టగానే రేకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడు. దుమ్మేమోలే అనుకున్నా. పియానో వచ్చింది చూడండి, ఒక్కో స్వరం తాగినవాడిలా తూలుతోంది. వంగి చూస్తే, రికార్డు తిరిగిన ప్రతిసారీ సూదిని పట్టుకునే టోన్ ఆర్మ్ అటూ ఇటూ ఊగుతోంది. మధ్యలో చిల్లే పక్కకి పడింది! చివరి పాట అయ్యాక లేబుల్ చుట్టూ ఉండే నున్నటి భాగంలో, కంపెనీ రికార్డుల మీద చెక్కి ఉండే గుర్తింపు సంఖ్య, అదే మ్యాట్రిక్స్ నంబరు, వెతికాను. అద్దంలా నా మొహం కనిపించింది తప్ప ఒక్క అక్షరం లేదు. అట్ట మీద అక్షరాలేమో జిరాక్స్ తీసినట్టు అలికేసి ఉన్నాయి. కంపెనీ రీఇష్యూ కాదు, పచ్చి నకిలీ.

వీడియో తీసి పంపితే ఆయనగారి జవాబు: ‘విషాద గీతాలు కదండీ, డ్రేక్ గొంతు అలాగే వణుకుతుంది.’

పియానోకి గొంతేమిటయ్యా?

అదే అడిగాను. ‘మీ ప్లేయర్ రిపేరు చేయించుకోండి. సీల్ తీశాక రిటర్న్ లేదు’ అన్నాడు. సీల్ తీయకుండా వినే విద్య నాకు రాదు మరి. ‘ఇలాంటి సంగీతం అందరికీ అర్థం కాదులెండి’ అని ఇంకో మెసేజ్ పెట్టి బ్లాక్ చేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ ‘లెండి’ ఉంది చూశారూ, అదే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఇరవయ్యేళ్లుగా వింటున్న పాటలవి.

కొనాలనుకుంటే ముందు ఆ మ్యాట్రిక్స్ నంబరు ఫోటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. నేరుగా ఖాతాలో వేయకండి, వెనక్కి రాదు. నేను వేశాను. ఇక మీరు తిట్టకండి, ఆ కార్యక్రమం ఇంట్లో అయిపోయింది.