మోవర్ బేస్ స్టేషన్‌కి గెస్ట్ వైఫైనా, వీలానా, పాత రౌటరా?

గడ్డి పెరిగే రోజులొచ్చాయంటే ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల: రోబో మోవర్ పెట్టించినప్పటి నుంచి ఇంట్లో వైఫై పడకేస్తోంది, దాని బేస్ స్టేషన్ (బయట ఉండి మోవర్‌కి దారి సరిచేసే సిగ్నల్ పంపే పెట్టె) ప్లగ్ పీకగానే అన్నీ లేచి కూర్చుంటున్నాయి, ఏం చెయ్యాలి? ఒకరు గెస్ట్ నెట్‌వర్క్‌లో పడెయ్యమంటారు, ఇంకొకరు వీలాన్ (ఒకే సామాను మీద నెట్‌వర్క్‌ని వేరువేరు భాగాలుగా విడదీసే పద్ధతి) పెట్టమంటారు. నేనైతే అటకమీది పాత రౌటర్ దించమంటాను.

అన్నిటికంటే ముందు బేస్ పంపే ప్యాకెట్ల (చిన్న చిన్న సమాచారపు ముక్కల) వరద ఎక్కడ పారుతోందో చూడండి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి పెట్టి రౌటర్‌నే పింగ్ చెయ్యండి (చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికొస్తుందో చూడటం), తర్వాత వైఫై మీద అదే పని చెయ్యండి. కేబుల్ మీద ఒకటి రెండు మిల్లీసెకన్లలో జవాబొస్తూ వైఫై మీద వందల్లోకి పోతుంటే గొడవ గాలిలో ఉన్నట్టు. రెండూ చెడితే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో అందరికీ పోయేవి) రౌటర్‌నే ఊపిరాడనివ్వట్లేదని అనుమానించాలి. రెండూ బాగుండి బయటి సైట్లు మాత్రమే నత్తనడక అయితే ఏదో మీ అప్‌లోడ్‌ని మింగుతోంది, దానికి రౌటర్‌లో ఆ ఒక్క పరికరానికి స్పీడ్ లిమిట్ పెడితే చాలు, ఇక ముందుకు చదవక్కర్లేదు.

వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని చూపించే సాఫ్ట్‌వేర్) వాడటం వచ్చినవాళ్లకి ఇంకా సులువు. బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ (ఒక గుంపుకి పంపేవి) మామూలుగా అందరికీ చేరతాయి కాబట్టి ప్రత్యేకం ఏమీ పెట్టకుండానే మీ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తాయి. బేస్ స్టేషన్ మ్యాక్ అడ్రస్ (పరికరానికుండే గుర్తింపు నంబరు) నుంచి 224.0.0.251కి వరసగా పోతున్నాయంటే అది ఎండీఎన్‌ఎస్, అంటే 'ఇంట్లో ఎవరెవరున్నారు' అని ఆగకుండా కేకలెయ్యడం. చవక పరికరాలే ఇలా చేస్తాయనుకోకండి, 2018 జనవరిలో గూగుల్ క్రోమ్‌కాస్ట్, హోమ్ పరికరాలు కూడా నిద్ర లేవగానే ఇలాంటి ప్యాకెట్లు గుప్పించి చాలా ఇళ్లలో రౌటర్లని పడగొట్టాయి.

నా దృష్టిలో అసలు విషయం ఎయిర్‌టైమ్, అంటే గాలిలో మాట్లాడటానికి దొరికే సమయం. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. మల్టీకాస్ట్‌ని రౌటర్ సాధారణంగా అందరికీ వినపడే అతి తక్కువ స్పీడులో పంపుతుంది, 2.4 గిగాహెర్ట్జ్ మీద పాత సెట్టింగులుంటే అది 1 ఎంబీపీఎస్ దాకా దిగుతుంది, దానికితోడు బేస్ స్టేషన్ ఇటుక గోడ అవతల, బ్యాక్‌యార్డ్ మూల సిగ్నల్ సరిగ్గా అందని చోట కూర్చుని ప్రతి మాటా సాగదీస్తుంది. మిగతా డోర్‌బెల్, ప్రింటర్, కెమెరాలు వరసలో నిలబడాల్సిందే.

గెస్ట్ నెట్‌వర్క్ చాలా రౌటర్లలో అదే రేడియో, అదే ఛానెల్ మీద ఇంకో పేరు, అంతే. ఐసొలేషన్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే బేస్ వేసిన కేకని రౌటర్ తిరిగి అందరికీ వినిపించదు, కొంత ఉపశమనమే, కానీ బేస్ నుంచి రౌటర్ దాకా వచ్చే ఈడుపు మాత్రం అలాగే ఉంటుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి ముందు ఇదే ప్రయత్నించండి.

వీలాన్ పద్ధతైన పనే, కాదనను. కానీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే మామూలు రౌటర్లలో అది సాధారణంగా దొరకదు, కొత్త సామాను కొనాలి, కొన్నాక కూడా వైఫై అదే యాక్సెస్ పాయింట్ (వైఫై పంపే పెట్టె) నుంచి వస్తే ఎయిర్‌టైమ్ కథ మళ్లీ మొదటికే. స్విచ్‌లో స్టార్మ్ కంట్రోల్ (ఇలాంటి వరదకి హద్దు పెట్టే సెట్టింగ్) పెట్టినా అది పనిచేసేది కేబుల్ పోర్ట్ మీదే.

పాత రౌటర్ వరద, ఎయిర్‌టైమ్ అనే రెండు జబ్బులకీ మందు. దాని వాన్ పోర్ట్‌ని (ఇంటర్నెట్ వచ్చే కేబుల్ పెట్టేది) ఇంట్లో ఇప్పుడు వాడుతున్న పెద్ద రౌటర్ లాన్ పోర్ట్‌కి (ఇంటి పరికరాల కేబుల్ పెట్టేది) కలిపి, గరాజ్‌లో బేస్‌కి దగ్గరగా పెట్టండి. పెద్దది ఛానెల్ 11 మీదుంటే దీన్ని 1 మీద పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ రౌటర్ దాటి పోదు, రేడియో కూడా వేరైపోయింది. రెండు మెలకువలు: ఇది రౌటర్ మోడ్‌లోనే ఉండాలి, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే వరద మళ్లీ ఇంట్లోకే. ఐపీ రేంజ్ కూడా వేరే ఉండాలి, పెద్దది 192.168.1 అయితే ఇది 192.168.50 అనుకోండి. డబల్ నాట్ (రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి అడ్రస్‌లు మార్చడం) అని టెన్షన్ పడకండి, మోవర్ తనే బయటి క్లౌడ్‌కి ఫోన్ చేస్తుంది, బయటి నుంచి ఎవరూ లోపలికి రానక్కర్లేదు. ఒక్క లోటుంది: పాత రౌటర్ వెనకున్న పరికరం మీ పెద్ద నెట్‌వర్క్‌లోని వాటిని ఇంకా అందుకోగలదు, కాబట్టి దీన్ని సెక్యూరిటీ ఏర్పాటు అనుకోవద్దు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎలాగూ చేసి చూస్తారు. బేస్ వైఫై పూర్తిగా ఆపెయ్యడం కొన్ని మోడళ్లలో కుదురుతుంది, మోవర్‌కి ఆర్‌టీకే (జీపీఎస్ స్థానాన్ని ఇంకా కచ్చితంగా సరిచేసే పద్ధతి) దిద్దుబాట్లు సొంత రేడియోలో పంపేవాటిలో. ఇంటర్నెట్ బ్లాక్ చెయ్యడం మాత్రం వద్దు, క్లౌడ్ దొరక్క ఇంకా ఎక్కువసార్లు తలుపు తట్టే పరికరాలున్నాయి.

హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలని ఇంట్లోంచే నడిపే సాఫ్ట్‌వేర్)తో మోవర్‌ని లోకల్‌గా నడిపేవాళ్లకి నా సలహా పనికిరాదు, నాట్ అవతల ఉన్నదాన్ని అది వెతికి పట్టుకోలేదు. మీరు వీలాన్‌కే వెళ్లండి, వీలైతే గరాజ్‌లో ఇంకో యాక్సెస్ పాయింట్ కూడా పెట్టించుకోండి.